డైట్ ఆహార దుకాణం దరఖాస్తు: ‘రిటైల్’ అని టిక్ పెట్టే ముందు

చిరుధాన్యాలు, గ్లూటెన్ (గోధుమల్లాంటి ధాన్యాల్లో ఉండే ప్రోటీన్) లేని పిండి, చక్కెర కలపని తినుబండారాలు అమ్మాలని హైదరాబాదులో దుకాణం తెరిచేవారు చాలామంది ఆహార లైసెన్సు దరఖాస్తులో ఒకే చోట తడబడుతున్నారు. అందుకే మిగతావి గబగబా చెప్పేస్తాను.

మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణం నమోదు ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. అద్దె ఒప్పందం, ఆధార్, పాన్ దగ్గర ఉంచుకోండి. సరుకుల అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదన్న మాట నమ్మి ఊరుకోకండి. తెలంగాణలో ఆ పరిమితి 20 లక్షలే.

అసలు చిక్కు ఆహార లైసెన్సులిచ్చే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ పోర్టల్‌లో ‘వ్యాపార రకం’ అడిగినప్పుడు వస్తుంది. పని త్వరగా ముగించాలని ఏజెంటు ‘రిటైల్’ ఎంచుకుంటాడు. ఇతర కంపెనీల సీలు ప్యాకెట్లు మాత్రమే అమ్మితే అది సరిపోతుంది. కానీ బేగంబజారులో కొర్రలు, సామలు బస్తాల్లో కొని, అరకిలో ప్యాకెట్లు కట్టి మీ పేరుతో స్టిక్కరు అంటిస్తే మీరు రీప్యాకర్. అది తయారీ విభాగం కిందికి వస్తుంది. పిండి ఆడించి అమ్మినా అంతే. ఇతరుల ప్యాకెట్లూ సొంత ప్యాకెట్లూ అమ్మేవారు రెండు రకాలనూ ఎంచుకోవాలి. పైగా సొంత ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లోగా తూనికలు, కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదుకు దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి ఏజెంట్లు చాలావరకు చెప్పరు.

లేబుల్ మీద రాసే మాటలకూ లెక్క ఉంది. ‘గ్లూటెన్ ఫ్రీ’ అనాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. గోధుమలు ఆడే మరలోనే జొన్నలు ఆడిస్తే ఆ హామీ ఇవ్వలేరు; గుర్తింపు పొందిన ల్యాబు నివేదిక చేతిలో ఉండాలి. సీలియాక్ వ్యాధి (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్న బిడ్డ తల్లి ఆ మాట నమ్మే కొంటుంది. ‘షుగర్ ఫ్రీ’ అంటే 100 గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము దాటకూడదు. కాబట్టి బెల్లం లడ్డూకు ఆ పేరు పెట్టకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఈ దరఖాస్తుకు ఏజెంటు తప్పనిసరి కాదు, భయపడకండి. ప్రభుత్వ పోర్టల్ చిరునామా ‘జీఓవీ డాట్ ఇన్’తో ముగుస్తుంది. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లలో డబ్బు కట్టవద్దు. ఇంకొకరి సాయం తీసుకున్నా ఫోను నంబరు, ఈమెయిలు మాత్రం మీవే ఇవ్వండి. అధికారి అడిగే వివరణలు వాటికే వస్తాయి. 30 రోజుల్లో జవాబివ్వకపోతే దరఖాస్తు తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు తిరిగి రాదు.