ఒర్లాండో టికెట్లు కొనేముందు పిల్లల్ని గోడకి నిలబెట్టండి

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒర్లాండోలో ఉన్న థీమ్ పార్కులు, డిస్నీ వరల్డ్‌కో యూనివర్సల్‌కో వెళ్దామనుకున్నాక అందరూ ముందు చూసేది పిల్లల వయసు. టికెట్టుకి వయసే లెక్క: డిస్నీలో మూడేళ్ళు నిండనివాళ్ళకి టికెట్ అక్కర్లేదు, 3 నుంచి 9 దాకా పిల్లల టికెట్. రైడ్ దగ్గర మాత్రం పుట్టినరోజు ఎవరూ అడగరు, ఇంచులే అడుగుతారు. హైదరాబాద్ వండర్‌లాలో టికెట్ ధర కూడా ఎత్తును బట్టే ఉంటుంది కాబట్టి అక్కడ గేటు దగ్గరే విషయం తేలిపోతుంది. ఒర్లాండోలో పూర్తి టికెట్ కొని, గంటసేపు నడిచి, రైడ్ ముందుకొచ్చాక తేలుతుంది.

అందుకే మూడు నిండకముందే ఫ్రీగా తిప్పేద్దామనే లెక్క కొంతవరకే పనికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల్లో మూడేళ్ళ పిల్లల మధ్యస్థ ఎత్తు 95, 96 సెంటీమీటర్లు. నాలుగేళ్ళకి 103, అయిదుకి 110, ఆరుకి 115, 116, ఏడుకి 121, 122. వీటిని రైడ్లకి పార్కులు పెట్టిన కనీస ఎత్తుల పక్కన పెట్టి చూడండి (యూనివర్సల్ అని చెప్పనివన్నీ డిస్నీ రైడ్లే):

32 ఇంచులు, అంటే 81 సెం.మీ.: ఏలియన్ స్వర్లింగ్ సాసర్స్. టుమారోలాండ్ స్పీడ్‌వేలో పెద్దవాళ్ళ పక్కన కూర్చోడానికీ ఇంతే. ఒక్కరే కారు నడపాలంటే 54 ఇంచులు.
35 (89): బార్న్‌స్టార్మర్.
38 (97): సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్, స్లింకీ డాగ్ డ్యాష్, మిలీనియం ఫాల్కన్, కాలీ రివర్ ర్యాపిడ్స్.
40 (102): సోరిన్, టెస్ట్ ట్రాక్, టియానాస్ బయూ అడ్వెంచర్, టవర్ ఆఫ్ టెర్రర్, స్టార్ టూర్స్, రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్.
42 (107): కాస్మిక్ రివైండ్. యూనివర్సల్లో ఎస్కేప్ ఫ్రమ్ గ్రింగాట్స్.
44 (112): స్పేస్ మౌంటెన్, ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్.
48 (122): ట్రాన్. యూనివర్సల్లో హాగ్రిడ్ కోస్టర్, ఫర్బిడెన్ జర్నీ.

ఆపైన యూనివర్సల్ వెలాసికోస్టర్‌కి 51 ఇంచులు, హల్క్‌కి 54. అంటే మూడేళ్ళ పాపకి 38 కూడా అనుమానమే. తలుపులు తెరిచేది 40 ఇంచుల మెట్టు, సగటు పిల్లలు దాన్ని నాలుగో పుట్టినరోజు అటూ ఇటూగా దాటతారు. పెద్ద రైడ్ల కోసమే వెళ్తుంటే 44 దాటేదాకా, అంటే అయిదు నిండి ఆరు వచ్చేదాకా ఆగడం మేలు. పీటర్ పాన్, పైరేట్స్, హాంటెడ్ మాన్షన్, సఫారీ, ఫ్రోజెన్ ఎవర్ ఆఫ్టర్ లాంటివాటికి ఎత్తు నిబంధనే లేదు, చంటిపిల్లతోనూ ఎక్కొచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యా ఉంటే వాళ్ళ రోజు వీటితోనే నిండిపోతుంది.

ఇంట్లో కొలిచేటప్పుడు

అపార్ట్‌మెంట్లలో జరిగే మొదటి తప్పు కార్పెట్ మీద నిలబెట్టడం. మడమలు దిగిపోయి కొలత తక్కువ వస్తుంది. గచ్చు నేల ఉన్న చోటు చూసుకోండి, వంటగది బాగుంటుంది. గోడ అడుగున చెక్కపట్టీ ఉంటే మడమలు గోడకి ఆనవు, అప్పుడు తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబెట్టండి.

చెప్పులు, సాక్సులు తీసేయాలి. పిలక ఉంటే విప్పాలి, నడినెత్తిన వేసిన ముడి ఎత్తులోకి రాదు. మడమలు, పిరుదులు, భుజాలు తలుపుకి ఆనాలి. గడ్డం ఎత్తనివ్వకండి: కంటి అడుగు అంచు, చెవి రంధ్రం ఒకే మట్టంలో ఉంటే తల సరిగ్గా ఉన్నట్టు. గట్టి అట్ట పుస్తకాన్ని నిలువుగా పట్టుకుని, ఒక అంచు తలుపుకి, అడుగు అంచు నెత్తికి ఆనేలా, జుట్టు అణిగేదాకా కిందికి దించండి. పుస్తకం ముందుకి వాలితే ఒక సెంటీమీటరు తేడా వస్తుంది, మీరు పైనుంచి వంగి చూస్తే వాలిందన్న సంగతి తెలియదు కూడా. మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళెదురుగా చూసి గీత పెట్టండి. ఇనప టేపుతో నేల నుంచి గీత దాకా కొలవండి, కుట్టుటేపు సాగుతుంది. మూడుసార్లు కొలిచి మధ్యలో వచ్చిన అంకె తీసుకోండి.

అదే కొలత రాత్రి పడుకునేముందు మళ్ళీ తీయండి. పగలంతా నిలబడి, పరుగెత్తితే వెన్నుపూసల మధ్య మెత్తని డిస్కులు నొక్కుకుపోయి పిల్లలు కూడా అర సెంటీమీటరు దాకా తగ్గుతారు, కొందరు ఇంకా ఎక్కువే. మీకు కావాల్సింది ఈ సాయంత్రం అంకె. పొద్దున 102 ఉన్న బాబు సాయంత్రం ఆరింటికి 101 పైచిలుకే ఉండొచ్చు. సరిహద్దులో ఉన్న రైడ్‌ని అందుకే పార్కు తెరవగానే పెట్టుకోవాలి.

ట్రిప్పు నెలల దూరంలో ఉంటే పెరుగుదల కలపండి. మూడు నుంచి పదేళ్ళ దాకా పిల్లలు ఏడాదికి సుమారు 5 నుంచి 7 సెం.మీ. పెరుగుతారు, నెలకి అర సెంటీమీటరు వేసుకుంటే చాలు. ఆగస్టులో 99 ఉన్న పాప క్రిస్మస్‌కి 101 అవుతుంది, బూట్లు లేకుండా 40 ఇంచులకి ఇంకా వెంట్రుకవాసి తక్కువే. అదే స్ప్రింగ్ బ్రేక్‌కి (మార్చి, ఏప్రిల్ బడి సెలవులకి) జరిపితే రైడ్ల జాబితాయే మారిపోతుంది.

పార్కులో బూట్లతోనే కొలుస్తారు, మామూలు స్పోర్ట్స్ షూ 2, 3 సెంటీమీటర్లు కలుపుతుంది. అది న్యాయమైన లాభం. లోపల అట్టలు, మడతపెట్టిన సాక్సులు కుక్కడం మాత్రం వద్దు. నైతికత కోసం చెప్పడం లేదు, ఆ ఎత్తు ఎందుకు పెట్టారో తెలిస్తే మీరే ఆ పని చేయరు.

ఆ గీత దేనికి

సీటులో మనిషిని పట్టి ఉంచేది తొడల మీదికి దిగే కడ్డీ, లేదా భుజాల మీదుగా వచ్చే చట్రం. రోలర్ కోస్టర్ గుట్ట దాటి కిందికి దూకినప్పుడు ఒంటి బరువు పోయినట్టయి మనిషి సీటులోంచి లేస్తాడు. తొడలు తగినంత లావుగా ఉండి, మోకాళ్ళు సీటు అంచు దాటి కిందికి వంగితే కడ్డీ అక్కడ పట్టేస్తుంది. చిన్నపిల్లలకి మోకాళ్ళు సీటు మీదే ఉండిపోతాయి, నడుము ముందుకి జారుతుంది, ఒళ్ళు కడ్డీ కిందనుంచి బయటికి వచ్చే దారి ఏర్పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ ఉంటే అది నాన్న తొడల దగ్గర ఆగిపోతుంది, పక్కన పిల్లాడి ఒళ్ళో జానెడు ఖాళీ. గేటు దగ్గర ప్రతి పిల్లాడి తొడలూ నడుమూ కొలవలేరు కాబట్టి వాటికి బదులుగా ఎత్తు చూస్తారు. షూలో అట్ట పెడితే ఎత్తు మారుతుంది, తొడ మారదు.

గేటు దగ్గర

లైను మొదట్లో ఒకసారి, లైట్నింగ్ లేన్ (డిస్నీలో విడిగా డబ్బు కట్టి త్వరగా వెళ్ళే లైను) కలిసే చోటో ఎక్కేముందో మరోసారి కొలవొచ్చు. ఉద్యోగి పిల్లాణ్ణి కొలబద్ద కింద నిలబెడతాడు. అప్పటిదాకా గెంతుతున్నవాడు కొత్త మనిషిని చూసి భుజాలు ముడుచుకుని, గడ్డం ఛాతీకి ఆనించి నిలబడతాడు. సరిహద్దు కొలతకి ఆ వంపే చాలు. ఇంట్లో నాలుగైదు సార్లు "మడమలు ఆనించు, ఎదురుగా చూడు" అని ఆటలా అలవాటు చేయండి. మునివేళ్ళ మీద లేస్తే మళ్ళీ నిలబెడతారు. కాదంటే వాదించకండి, సడలించే అధికారం ఆ ఉద్యోగికి లేదు, పై అధికారిని పిలిచినా గీత గీతే. పక్కనే ఎక్కగలిగే రైడ్ పేరు నాలుక చివర ఉంచుకోండి.

పొట్టి పిల్లలుంటే పెద్దవాళ్ళు మానుకోనక్కర్లేదు. డిస్నీలో రైడర్ స్విచ్ ఉంది: అందరూ, ఎక్కలేని పాపతో సహా, రైడ్ ముందుకెళ్ళి ఉద్యోగికి చెప్పాలి. అమ్మ వెళ్ళొచ్చేదాకా నాన్న పాపతో బయట ఉంటాడు, తర్వాత నాన్న లైట్నింగ్ లేన్ గుండా లోపలికెళ్తాడు. పెద్ద కొడుకు ఉంటే రెండు విడతల్లోనూ ఎక్కొచ్చు, వాడికి ఇదొక పండగ. పాపని వదిలేసి వెళ్ళి స్విచ్ అడిగితే ఇవ్వరు. యూనివర్సల్లో దీన్నే చైల్డ్ స్వాప్ అంటారు, అక్కడ కుటుంబమంతా లైనులో చివరిదాకా కలిసే వెళ్ళి, ఎక్కే చోటు దగ్గరి గదిలో మార్చుకుంటారు. ఎత్తు సరిపోని పాపకి ఆ రైడ్ లైట్నింగ్ లేన్ కొనకండి, డబ్బు దండగ.

ఎత్తు సరిపోయినా వయసు నిబంధన విడిగా ఉంది: డిస్నీలో ఏడేళ్ళ లోపు పిల్లలతో 14 ఏళ్ళు నిండినవాళ్ళు ఎక్కాలి. అయితే ఎక్కినా పక్కన కూర్చోగలరని కాదు. ఫ్లోరిడా స్పేస్ మౌంటెన్‌లో సీట్లు ఒకదాని వెనక ఒకటి, చీకటి, చెయ్యి అందదు. మొదటిసారైతే మీరు ముందు సీటులో కూర్చోండి, వాడికి కనీసం మీ తల కనిపిస్తుంది. అంతకంటే మంచిది ముందు బార్న్‌స్టార్మర్, తర్వాత సెవెన్ డ్వార్ఫ్స్ ఎక్కించి ముఖం చూడటం. రెండోసారి వాడే అడిగితే స్పేస్ మౌంటెన్ వైపు నడవండి.

మరమ్మతులకి మూసి తెరిచాక కొన్ని రైడ్ల కొలతలు మారుతుంటాయి. వెళ్ళే రోజు పొద్దున పార్కు యాప్‌లో ఒక్కో రైడ్ పేజీ తెరిచి చూసుకోండి.