మన వీడియో గేమ్ మనమే రాద్దాం – 5వ పాఠం: బటన్ నొక్కితే బోటు కదలాలి

నింటెండో వాళ్ళ పాత గేమ్ మెషీన్ ఫామికామ్ కోసం రాస్తున్న ఈ గేమ్‌లో, పోయిన పాఠం చివరికి తెర మధ్యలో ఒక చేపల బోటు నిలబెట్టాం. 8×8 టైల్స్ రెండు పక్కపక్కన, అంటే 16 పిక్సెళ్ళ వెడల్పు. వెనక నీలం సముద్రం, కుడి చివర డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆర్కే బీచ్‌లో నిలబడి చూస్తే కొండ ఎటు కనిపిస్తుందో అటే పెట్టాను. మా పిన్ని కొడుకు వచ్చి రెండు నిమిషాలు తెర వంక చూసి, "ఏటన్నయ్యా, లంగరేసీసినావేటి?" అన్నాడు. వాడి మాటా నిజమే, బోటు కదలకపోతే అది గేమ్ కాదు, క్యాలెండర్ బొమ్మ.

ఈ పాఠంలో లంగరు తీద్దాం.

ముందు చేతిలో ఉన్న ప్యాడ్ సంగతి చూడండి. దాని మీద బటన్లు ఎనిమిది: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, నాలుగు దిక్కులు. బటన్‌కొకటి చొప్పున ఎనిమిది తీగలు ఉంటాయనుకుంటాం. నింటెండో 1983లో జపాన్‌లో ఫామికామ్ విడుదల చేసినప్పుడు అంత ఖర్చు పెట్టలేదు. ప్యాడ్‌కి ఐదే తీగలు. రెండు కరెంటుకి పోతే మిగిలేవి మూడు, అందులో బటన్ల కబురు మోసేది ఒక్కటి. ఎనిమిది బటన్ల సంగతి ఒక్క తీగలోంచి రావాలంటే ఒకదాని వెనక ఒకటి వరసలో రావాల్సిందే. ఆ వరస కట్టేది ప్యాడ్ లోపలి 4021 అనే చిన్న చిప్పు. మన ఊళ్ళో దొరికిన నకలు ప్యాడ్లలో ఆ చిప్పు ఒక నల్లటి లక్క చుక్కలా కనిపిస్తుంది, చేసే పని మాత్రం అదే.

సింహాచలం బస్సు గుర్తు తెచ్చుకోండి. స్టాపులో తలుపు తెరిచి ఉన్నంతసేపు జనం ఎక్కుతూ దిగుతూనే ఉంటారు, ఎవరెవరు ఉన్నారో తేలదు. కండక్టర్ "రైట్ రైట్" అన్నాక లెక్క ఖాయం. అప్పుడు ముందు సీటు నుంచి ఒక్కొక్కరికీ టికెట్ కొట్టుకుంటూ వెళ్తాడు. మన ప్యాడ్‌కి తలుపు $4016 చిరునామా ($ అంటే ఆ సంఖ్య పదహారు అంకెల లెక్కలో ఉందని). అందులో 1 రాస్తే తలుపు తెరిచినట్టు, 0 రాస్తే రైట్ రైట్. ఆ తర్వాత అదే $4016ని చదివిన ప్రతిసారీ ఒక బటన్ సంగతి తెలుస్తుంది. వరస ఎప్పుడూ ఇదే: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. నొక్కి ఉంటే 1, లేకపోతే 0.

కోడ్ ఇది. ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. మీ ఫైల్‌లో ఆదేశాలూ పేర్లూ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, లేకపోతే కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే సీఏ65 ఒప్పుకోదు.

ఎల్‌డీఏ #1
ఎస్‌టీఏ $4016
ఎస్‌టీఏ బటన్లు
ఎల్‌ఎస్‌ఆర్ ఏ
ఎస్‌టీఏ $4016
మళ్ళీ:
ఎల్‌డీఏ $4016
ఎల్‌ఎస్‌ఆర్ ఏ
ఆర్‌ఓఎల్ బటన్లు
బీసీసీ మళ్ళీ

మొత్తం పది వరసలు. ఎల్‌డీఏ అంటే ప్రాసెసర్‌లో 'ఏ' అనే గూట్లోకి (ఏ బటన్ కాదు) విలువ తెచ్చుకోవడం, ఎస్‌టీఏ అంటే ఆ గూట్లోది బయట రాయడం. నాలుగో వరసతో గూట్లోని 1 కాస్తా 0 అవుతుంది, అయిదో వరస ఆ 0నే రాసి తలుపు మూస్తుంది. ఈ సిరీస్‌లో నాకు బాగా ఇష్టమైన ముక్క ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఎనిమిదిసార్లు తిరగాలి కదా, మరి లెక్కపెట్టే కౌంటర్ ఏది? లేదు. మూడో వరసలో 'బటన్లు' అనే బైట్‌లో ముందుగానే ఒక 1 పెట్టాం, కిటుకంతా అక్కడే ఉంది. ఎల్‌ఎస్‌ఆర్ చేసినప్పుడు చదివిన బిట్ జారి క్యారీ అనే ఒక్క బిట్ గూట్లో పడుతుంది. ఆర్‌ఓఎల్ దాన్ని 'బటన్లు'లోకి కుడి వైపు నుంచి తోస్తుంది, ఉన్నవాళ్ళంతా ఒక అడుగు ఎడమకి జరుగుతారు. ఏ, కుడి రెండూ కలిపి నొక్కారనుకోండి. బైట్ ఇలా మారుతుంది:

మొదట 00000001
ఏ చదివాక 00000011
బీ చదివాక 00000110
ఎడమ చదివాక 11000000
కుడి చదివాక 10000001

మొదట మనం పెట్టిన 1 ఏడో అడుగుకి ఎడమ అంచుకి చేరింది. ఎనిమిదో అడుగులో అంచు దాటి క్యారీలో పడింది. క్యారీ 0గా ఉన్నంతసేపే బీసీసీ వెనక్కి పంపుతుంది కాబట్టి లూప్ అక్కడితో ఆగింది. మొత్తం ర్యామ్ 2 కిలోబైట్లే ఉన్న మెషీన్ మీద పెరిగినవాళ్ళు ఇలాగే ఆలోచించేవారు. ఒక్క బైట్ మిగిలినా మిగిలినట్టే.

ఇప్పుడు నా గోల వినండి. మొదటిసారి ఈ కోడ్ రాసినప్పుడు అయిదో వరస మర్చిపోయాను. తలుపు తెరిచాను, మూయలేదు. కుడి నొక్కితే కదల్లేదు, పైకి నొక్కినా కదల్లేదు. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఉప్పు గాలికి ప్లగ్గు పిన్నులు నల్లబడతాయి. తప్పు వాటిదే అనుకుని ప్యాడ్ విప్పి, పిన్నుల్ని రబ్బరుతో రుద్ది, రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. చివరికి కంప్యూటర్‌లో ఫామికామ్‌లా నటించే మెసెన్ ఎమ్యులేటర్‌లో మెమరీ కిటికీ తెరిస్తే తెలిసింది: ఏ నొక్కితే 'బటన్లు' 255, వదిలితే 0. తలుపు మూయకపోతే ముందు సీటు మనిషికే ఎనిమిదిసార్లు టికెట్ కొడుతున్నట్టు లెక్క. ఏ నొక్కినప్పుడు నాలుగు దిక్కులూ ఒకేసారి నొక్కినట్టయింది, కుడికి ఒకటి ఎడమకి ఒకటి కొట్టుకుపోయి బోటు ఉన్నచోటే ఉంది. ముందే ఎమ్యులేటర్‌లో చూసి ఉంటే స్క్రూడ్రైవర్ బయటికి తీసే పనే ఉండేది కాదు.

(పిన్నులు నిజంగానే నల్లబడితే రబ్బరు పనికొస్తుంది. చిన్నప్పటిలా క్యాసెట్‌లోకి నోటితో ఊదకండి, తడి చేరి తుప్పు ఇంకా ఎక్కువవుతుంది.)

ఇక కదలిక. బైట్‌లో కుడి విలువ 1, ఎడమ 2, కిందికి 4, పైకి 8, స్టార్ట్ 16. కావలసిన బిట్‌ని ఏఎన్‌డీతో పట్టుకుంటాం.

ఎల్‌డీఏ బటన్లు
ఏఎన్‌డీ #1
బీఈక్యూ ఎడమచూడు
ఎల్‌డీఏ బోటుఎక్స్
సీఎంపీ #240
బీసీఎస్ ఎడమచూడు
ఐఎన్‌సీ బోటుఎక్స్

'బోటుఎక్స్' అంటే బోటు ఎడమ అంచు నుంచి ఎన్ని పిక్సెళ్ళ దూరంలో ఉందో ఆ లెక్క. కుడి నొక్కకపోతే బీఈక్యూ, 240 చేరిపోతే బీసీఎస్ 'ఎడమచూడు'కి దూకిస్తాయి, లేకపోతే ఐఎన్‌సీ ఒకటి కలుపుతుంది. తెర వెడల్పు 256, బోటు 16, అందుకే 240 దగ్గర ఆపాం. ఎడమ వైపుకి 2తో ఏఎన్‌డీ, 'బోటుఎక్స్' 0 అయితే వదిలేయడం, కాకపోతే ఒకటి తగ్గించే డీఈసీ. అది మీరే రాసుకోగలరు. తర్వాత 'బోటుఎక్స్'ని $0203లో పెట్టండి, దానికి 8 కలిపి $0207లో పెట్టండి. తెర మీద కదిలే ఒక్కో బొమ్మ ముక్కకి, అంటే ఒక్కో స్ప్రైట్‌కి నాలుగు బైట్లని, అందులో చివరిది ఎక్స్ అని మూడో పాఠంలో చెప్పుకున్నాం. ఫ్రేము ఫ్రేముకీ నడిచే ఎన్‌ఎంఐ కోడ్‌లో $4014కి 2 రాసే వరస ఎలాగూ ఉంది, కొత్త చోటు దానంతట అదే తెర మీదికి వస్తుంది.

ఫ్రేముకి ఒక పిక్సెల్ చొప్పున బోటు ఈ అంచు నుంచి ఆ అంచుకి 240 ఫ్రేముల్లో వెళ్తుంది. జపాన్, అమెరికా మెషీన్లలో సెకనుకి సుమారు 60 ఫ్రేములు, కాబట్టి 4 సెకన్లు. మన పాత టీవీలు పాల్ అనే ప్రసార పద్ధతివి, వాటికోసం చేసిన నకలు మెషీన్లలో 50 ఫ్రేములే, 4.8 సెకన్లు పడుతుంది. చిన్నప్పుడు మనం ఆడిన గేమ్‌లు జపాన్ పిల్లలు ఆడినదానికంటే కొంచెం నెమ్మదిగా నడిచేవన్నమాట. నాకు ఈ సంగతి తెలిసిన రోజు, అంతా కష్టపడి గెలిచామనుకున్న ఆటల మీద కాస్త అనుమానం వచ్చింది.

స్టార్ట్ నొక్కితే గేమ్ ఆగాలి. ఆ ఆగిన తెరకి నేను "వేట నిషేధం" అని పేరు పెట్టాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసి ఉంటాయి కదా, అదీ. ఇక్కడో చిక్కు ఉంది. మనిషి ఎంత టక్కున నొక్కినా వేలు సెకనులో పదో వంతు బటన్ మీద ఉంటుంది, అంటే ఆరు ఫ్రేములు. ఆరుసార్లు ఆగి మళ్ళీ నడిస్తే మొదటికే వచ్చాం. అందుకని "నొక్కి ఉందా?" అని కాదు, "ఇప్పుడే కొత్తగా నొక్కారా?" అని అడగాలి. ప్యాడ్ చదవక ముందు 'బటన్లు' విలువని 'పాతబటన్లు'లోకి కాపీ చేసుకుని, చదివాక ఇలా:

ఎల్‌డీఏ బటన్లు
ఈఓఆర్ పాతబటన్లు
ఏఎన్‌డీ బటన్లు
ఎస్‌టీఏ కొత్తబటన్లు

ఈఓఆర్‌తో మారినవి మిగులుతాయి, ఏఎన్‌డీతో వాటిలో నొక్కినవి మాత్రమే మిగులుతాయి. స్టార్ట్‌ని 'కొత్తబటన్లు'లో 16తో చూడండి. దిక్కులకి మాత్రం 'బటన్లు'నే వాడండి, లేకపోతే ఒక్కో పిక్సెల్‌కీ ఒక్కోసారి నొక్కుకుంటూ కూర్చోవాలి.

వచ్చే పాఠంలో వల వేసి వంజరం పడదాం. ఈలోగా ఒక పని: బీ నొక్కి పట్టుకుంటే బోటు రెండేసి పిక్సెళ్ళు పోయేలా మార్చండి. మార్చాక బోటుని ఎక్స్ 1 దగ్గర నిలబెట్టి, బీ, ఎడమ కలిపి ఒక్క ఫ్రేము నొక్కి చూడండి. 1లోంచి 2 తీస్తే ఈ మెషీన్‌కి మైనస్ తెలియదు, 255 వస్తుంది. బోటు ముందు ముక్క కొండ దగ్గర, వెనక ముక్క ఇటు ఒడ్డున తేలుతాయి. దాన్ని మళ్ళీ ఒకటి చేసుకుని రండి.