పిల్లలతో షుగర్ కుకీలు: మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

- ముందు వెన్న సంగతి. చెన్నైలో, అందులోనూ మే నెలలో, బయటపెట్టిన వెన్న చూస్తుండగానే కరిగిపోతుంది. వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తబడితే చాలు. పిండి కలిపాక అరగంట నుంచి గంట ఫ్రిజ్‌లో ఉంచండి. పిల్లలు చేపలు, చుక్కలు కోస్తుండగా మళ్లీ మెత్తబడితే మొహమాటపడకుండా వెనక్కి ఫ్రిజ్‌లో పెట్టేయండి. లేదంటే ఓవెన్‌లో ఆకారాలన్నీ పరుచుకుపోతాయి.

- పచ్చి పిండి నాకనివ్వొద్దు. "గుడ్డు వెయ్యలేదు కదే" అని అమ్మమ్మలు వెనకేసుకొస్తారు. పచ్చి మైదాలోనూ హానికర బ్యాక్టీరియా ఉండొచ్చు.

- ఓటీజీ (కరెంటుతో నడిచే చిన్న ఓవెన్) పెద్దవాళ్ల పని. 180 డిగ్రీల్లో 8–10 నిమిషాలు. అంచులు కాస్త రంగు తిరగ్గానే తీసేయాలి. ఆపేశాక కూడా దాని గాజు తలుపు, పైభాగం చాలాసేపు కాలుతూనే ఉంటాయి.

- ఐసింగ్‌లో పచ్చి తెల్లసొన వద్దు. ఐసింగ్ షుగర్, కొద్దిగా పాలు చాలు. కుకీలు పూర్తిగా చల్లారాకే రాయాలి. ఇక్కడి తేమకి ఆరడం ఆలస్యం, ఏసీ గదిలో పెడితే నయం.

- అలంకరణకి వాడే గట్టి వెండిరంగు చక్కెర పూసలు చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడొచ్చు. ఐదేళ్లలోపు వాళ్లుంటే డబ్బా తెరవకండి.

- పక్క ఫ్లాట్ల పిల్లలు వస్తుంటే పాలు, గోధుమ, బాదం, జీడిపప్పు లాంటివి ఎవరికి పడవో వాళ్ల అమ్మల్ని ముందే అడగండి.

- పాత బట్టలు వెయ్యండి. ఫుడ్ కలర్ మరక ఓ పట్టాన పోదు.