జయంతి ఫ్లెక్సీలో పేరు ఒకేలా రావాలంటే

ఏప్రిల్ 14 వస్తుందంటే నల్లగొండ పక్కన మా ఊర్లో ఒకటే టెన్షన్. ఫ్లెక్సీ మీద 'అంబేద్కర్', కరపత్రంలో 'అంబేడ్కర్'. రెండూ వాడుకలో ఉన్నవే, మరాఠీలో మాత్రం ఉన్నది 'డ'. అంత పెద్దాయన పేరు ఒకే సభలో రెండు రకాలుగా కనిపిస్తే మనసుకు కష్టంగా ఉంటుంది. అందుకే ఈసారి ఫోన్‌లో చెప్పకుండా పేరు, తేదీ, స్థలం ఒక్కసారే టైప్ చేసి, అదే మెసేజ్ రెండు షాపులకూ పంపాం. వాళ్ల ఫాంట్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదురుతుంటాయి. ప్రింట్‌కు ముందు ఫొటో తెప్పించుకుని, 'డ్క' దగ్గర జూమ్ చేసి చూశాం. పాత మెసేజ్‌లు వెతకాలంటే 'అంబే' వరకే కొట్టండి, రెండు రకాలూ దొరుకుతాయి.

అడ్రస్‌లో ఆయన పేరుతో ఉన్న కాలనీ పేరును మాత్రం ఇలా దిద్దకండి. ఆధార్‌లో ఎట్లా ఉంటే దరఖాస్తులోనూ అట్లాగే రాయాలి.