సిరంజితో తాగే చిలక పిల్లను కొనకండి

“ఇప్పుడే తీసుకెళ్లండి, మీ చేత్తో తినిపిస్తే బాగా మాలిమి అవుతుంది.” ఈకలు కూడా సరిగా రాని పిల్లను చేతిలో పెట్టి, ఒక సిరంజి, కాస్త పొడి ఇచ్చి అమ్మేవాళ్లు చెప్పే మాట ఇది. నమ్మకండి. తనంతట తాను తినడం నేర్చిన పిల్ల కూడా రోజూ చేతిలోంచి నాలుగు గింజలు పెడుతూ ఓపిక పడితే చక్కగా మాలిమి అవుతుంది. ముందే అమ్మేస్తే మాత్రం అమ్మకందారుకు కొన్ని వారాల చాకిరీ తప్పుతుంది, పిల్ల చచ్చిపోయే ప్రమాదం మీ నెత్తిన పడుతుంది.

ప్రమాదమంతా తినిపించడంలోనే ఉంది. ఆ పొడిని నీళ్లలో కలిపి చేసే జావ, అంటే ఫార్ములా, వేడి 40–41 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. 43 దాటితే గొంతు కింది తిండి సంచి లోపల కాలుతుంది. ఆ రోజు ఏమీ కనిపించదు. కొన్ని రోజులకు అక్కడ చర్మం నల్లగా పొక్కు కట్టి, చిల్లు పడి, తాగించినదంతా ఛాతీ మీదికి కారుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట గోరువెచ్చగా, ఒకచోట సలసల కాగుతూ ఉంటుంది కాబట్టి దాని జోలికి పోవద్దు. వేణ్నీళ్లలో కలిపి, థర్మామీటర్‌తో చూడాలి. మరీ చల్లారితే పిల్ల తాగదు. తాగినా అరగక సంచిలోనే పులిసి బూజు పడుతుంది.

రెండోది శ్వాసనాళం. పిల్ల తల ఊపుతూ అడుగుతున్నప్పుడే, దాని ఎడమవైపు నుంచి సిరంజి పెట్టి కుడివైపుకు పోయాలి. ఊపడం ఆపగానే మీరూ ఆపాలి. బలవంతాన పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఎక్కువగా పోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది, కొద్దిగా పోతే న్యుమోనియా వస్తుంది.

కొనేముందు వయసు అడగండి. చిలుక జాతుల్లో బడ్జీ సుమారు 6 వారాలకు, కాకటీల్ 8–10 వారాలకు, సన్ కన్యూర్ 8–10 వారాలకు, ఆఫ్రికన్ గ్రే 12–16 వారాలకు సొంతంగా తింటాయి. కానీ వయసు మాట నోటిమాటే. హైదరాబాద్ పక్షుల బజారు ముర్గీ చౌక్‌లో కొన్నా, ఆన్‌లైన్ గ్రూపులో కొన్నా, మీ కళ్లముందు గింజ ఒలుచుకుని తినాలి. గింజను నోట్లో ఆడించడం వేరు, పొట్టు కింద పడటం వేరు, పొట్టు చూడండి. సిరంజి మానేసి రెండు వారాలైనా బరువు తగ్గకుండా ఉందని తెలిశాకే తీసుకోండి.

రామచిలుక, గండుచిలుక పిల్లలనైతే ఏ వయసులోనూ కొనకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పెంచడం నేరం. తొర్రల్లోంచి లాక్కొచ్చిన పిల్లలవి. దొరికితే అటవీ శాఖకు అప్పగించండి. సన్ కన్యూర్, ఆఫ్రికన్ గ్రే లాంటి విదేశీ చిలుకలను కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, కాగితాలు అడగండి.

ఇప్పటికే ఇంటికి తెచ్చేశారా? వెంటనే అమ్మినవాళ్లకు ఫోన్ చేసి ఏ ఫార్ములా, ఎన్ని గంటలకోసారి, ఎంత అని అడగండి, అదే కొనసాగించండి. పాలు వద్దు, పక్షులకు అరగవు. వంటింటి డిజిటల్ కాటా మీద రోజూ పొద్దున్నే, తినిపించకముందు తూచి రాసుకోండి. ఒక పూటకు బరువులో పదో వంతు మించకూడదు: 80 గ్రాముల పిల్లకు 8 మిల్లీలీటర్లు. రోజుకొక్కసారైనా, సాధారణంగా తెల్లారేసరికి, సంచి పూర్తిగా ఖాళీ అవ్వాలి.

ఈకలు మొలుస్తున్న పిల్లకు చుట్టూ 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. డిసెంబర్ రాత్రి హైదరాబాద్‌లో అది గదిలో ఉండదు. పిల్లను ఉంచిన డబ్బాకు ఒక పక్క మాత్రమే హీట్ ప్యాడ్ పెడితే వేడెక్కినప్పుడు రెండో పక్కకు జరుగుతుంది. మే నెలలో అయితే వేడి పెట్టడం కాదు, తగ్గించడం చూసుకోవాలి. నోరు తెరిచి, రెక్కలు దూరంగా పెట్టి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్టు. కింద న్యూస్‌పేపర్ వేయకండి, కాళ్లు జారి చెరో పక్కకు వంకరపోతాయి. టవల్ మీద టిష్యూ వేయండి.

తెల్లారినా సంచి నిండుగానే ఉన్నా, పుల్లటి వాసన వచ్చినా, ఊపిరి తీసేటప్పుడు టిక్‌టిక్‌మని శబ్దం వచ్చినా, వరుసగా రెండు రోజులు బరువు తగ్గినా ఇంటి వైద్యం వద్దు. పక్షులను చూసే పశువైద్యుడి దగ్గరికి అదే రోజు తీసుకెళ్లండి. మీరు వాడే ఫార్ములా ప్యాకెట్, బరువులు రాసిన కాగితం వెంట పట్టుకెళ్లండి.