కొత్త ఇంటికి దీపాల ప్లాను – నాలుగో పాఠం: ఫ్యాను రెక్కలకు దూరంగా

స్లాబు వేయకముందే దీపాల పాయింట్లను సెంట్రింగు (కాంక్రీటు పోసేందుకు కింద కట్టే పలకలు) మీద గుర్తించుకోవాలని గత పాఠంలో చెప్పాను. అమలాపురం, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి కొందరు పాఠకులు తమ ప్లాన్లు పంపారు. చాలావాటిలో ఒకే లోపం కనిపించింది కాబట్టి, ఈసారి చెప్పదలచిన వెలుగు రంగుల సంగతిని చివరికి నెట్టి, ముందు దాన్ని సరిచేసుకుందాం. పైపులు, జంక్షను బాక్సుల పని మీ ఎలక్ట్రీషియనుకు తెలిసినదే కనుక దాని జోలికి వెళ్ళడం లేదు.

గది నడుమ ఫ్యాను, దాని చుట్టూ అడుగున్నర దూరంలో నాలుగు దీపాలు: ఇదీ ఆ లోపం. ఫ్యాను తిరగడం మొదలుకాగానే రెక్కలు వెలుగును కోస్తాయి, గోడలూ నేలా అదేపనిగా మినుకుమంటాయి. మన డెల్టా ఉక్కపోతలో ఫ్యాను ఆపుకొని కూర్చోలేము. ఒకసారి కాంక్రీటు పడ్డాక పాయింటు జరపాలంటే స్లాబును తొలవాలి, లేదా ఫాల్స్ సీలింగు ఖర్చు పెట్టుకోవాలి.

సాధారణ ఫ్యాను రెక్కల వలయం అడ్డకొలత 1200 మిల్లీమీటర్లు, అంటే నడిమి నుంచి 2 అడుగులు. దీపం ఆ వలయం దాటి ఉంటే చాలదు, ఎందుకంటే వెలుగు కిందికి దిగుతూనే పక్కలకు కూడా పరచుకుంటుంది. రెక్కలు కప్పుకు అడుగు కింద ఉన్నాయనుకోండి. 120 డిగ్రీల కోణంలో విచ్చుకునే ప్యానెల్ దీపం (కప్పుకు బిగించే పలక దీపం) వెలుగు ఆ అడుగు దిగేలోపే పక్కకు దాదాపు 1 అడుగు 9 అంగుళాలు పాకుతుంది కాబట్టి, దానిని ఫ్యాను నడిమికి 4 అడుగుల దూరంలో పెట్టాలి. 60 డిగ్రీల దీపం వెలుగు 7 అంగుళాలే పాకుతుంది కనుక 3 అడుగులు సరిపోతాయి. ఫ్యాను రాడ్డు పొడవైతే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి. 10 అడుగుల వెడల్పు గదిలో ప్యానెల్ దీపం గోడకు అడుగు దూరానికి చేరుతుంది, అక్కడే ఉండనివ్వండి. నన్నడిగితే పడకగదికి కప్పు దీపాలే అక్కర్లేదు, కిందికి వెలుగు పడే గోడ దీపాలు రెండూ, మంచం పక్కన టూవే స్విచ్చూ (ఒకే దీపాన్ని రెండు చోట్ల నుంచి వేసి ఆర్పేది) చాలు.

వంటింట్లో నడిమి దీపం ఒక్కటే ఉంటే, చేపలు కడిగే మనిషి నీడ ఆ చేతుల మీదే పడుతుంది. గట్టు పైన అల్మరాల అడుగున, ముందు అంచుకు పట్టీ దీపం వేయించండి.

ఇక వెలుగు రంగు. దాన్ని కెల్విన్లలో చెబుతారు; అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ తెలుపు. హాలుకు 3000 కెల్విన్, వంటింటికి 4000 నా లెక్క; 6500 ఇంట్లో ఎక్కడా వాడను. చేల పక్కన ఇల్లయితే వసారా దీపం 2700 తీసుకొని, గుమ్మానికి ఎడంగా పెట్టించండి. తెల్లని వెలుగుకు వరిచేలలోని ‘పచ్చ దీపపు పురుగులు’ ఎక్కువగా చేరతాయి.

అభ్యాసం: అడుగుకు ఒక గడి చొప్పున ప్రతి గదినీ గీయండి. ఫ్యాను నడిమి నుంచి 2, 4 అడుగుల దూరంలో వలయాలు వేసి, మంచం, సోఫా, పొయ్యి, సింకు గుర్తించండి. ఒక్కో దీపం పక్కన అది ఎవరికి, ఏ పనికి అన్నది రాయండి; రాయలేని దీపాన్ని కొట్టేయండి. ఆ కాగితాన్ని ఇనుము కట్టకముందే ఎలక్ట్రీషియను చేతికిచ్చి, సెంట్రింగు మీద టేపుతో కొలిపించండి.