చిన్న కాలేజీలో సంగీతం: కర్ణాటక సంగీతం నేర్చుకుని అమెరికా వచ్చిన విద్యార్థులకు

అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే సాధారణంగా రెండు వేల మంది విద్యార్థులుండే చిన్న క్యాంపస్. సంగీత శాఖకు ఒకే భవనం, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మంది పూర్తికాల అధ్యాపకులు. కెమిస్ట్రీ మేజర్ చేస్తూ కూడా ఆర్కెస్ట్రాలో వాయించవచ్చు, గాత్రం పాఠాలు చెప్పించుకోవచ్చు. ఇబ్బంది కూడా ఆ చిన్నతనంలోనే ఉంది. థియరీ మొదటి కోర్సు చాలా చోట్ల ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్‌లో మాత్రమే ఉంటుంది. చరిత్ర కోర్సులు ఏడాది విడిచి ఏడాది వస్తాయి. మొదటి రెండు వారాల్లో ఒక పరీక్షో, ఒక ఆడిషనో తప్పిపోతే, దాని కోసం మళ్లీ ఏడాది ఆగాల్సి రావచ్చు.

మీ డిగ్రీ ఏదో ముందు స్పష్టం చేసుకోండి. మామూలు బి.ఎ.లో సంగీతం దాదాపు మూడో వంతు, మిగతాది వేరే సబ్జెక్టులు. ఓబర్లిన్, లారెన్స్ లాంటి చోట్ల కాలేజీతోపాటు కన్సర్వేటరీ (వృత్తిస్థాయి సంగీత శిక్షణ ఇచ్చే విభాగం) కూడా ఉంది కాబట్టి, బి.ఎ.నూ బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్‌నూ కలిపి ఐదేళ్లలో చేయవచ్చు. బార్డ్ కన్సర్వేటరీలో చేరిన అండర్‌గ్రాడ్యుయేట్లకు రెండు డిగ్రీలు చేయడం నిబంధనే. అయిదో ఏడాది ఫీజు గురించి ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి.

మొదటి రెండు వారాలు

ఓరియంటేషన్ వారంలో మూడు పనులు ఒకదాని మీద ఒకటి వచ్చిపడతాయి: థియరీ ప్లేస్‌మెంట్ పరీక్ష (ఏ కోర్సులో చేరాలో తేల్చేది), ఆర్కెస్ట్రా లేదా క్వైర్ (బృందగానం) ఆడిషన్, వ్యక్తిగత పాఠాలకు నమోదు. ఆడిషన్‌లో వాయించాల్సిన భాగాలను జూలైలోనే శాఖ వెబ్‌సైట్‌లో పెడతారు. విమానం ఎక్కకముందే ప్రింట్ తీసుకోండి. వ్యక్తిగత పాఠం వారానికి అరగంట లేదా గంట. దీనికి ట్యూషన్ (కాలేజీ చదువు ఫీజు) కాక విడిగా ఫీజు ఉంటుంది. మేజర్ విద్యార్థులకు మాఫీ చేసే కాలేజీలు ఉన్నాయి, ఆర్థిక సాయం అందుకునేవారికి ఆ ఫీజు తామే ఇచ్చే కాలేజీలూ ఉన్నాయి. కానీ అడిగినవారికే తెలుస్తుంది. శాఖ ఆఫీసులో కోఆర్డినేటర్‌ను కలిసి, నమోదుకు ముందే అడగండి.

పాఠానికి రాలేకపోతే 24 గంటల ముందు చెప్పాలన్నది దాదాపు అన్ని చోట్లా నియమం. చెప్పకుండా మానేస్తే ఆ పాఠం మళ్లీ చెప్పరు, గ్రేడ్ కూడా తగ్గుతుంది. గురువుగారు ఏమనుకుంటారోనని బెరుకుతో మెయిల్ పెట్టకుండా ఊరుకోవడం మనవాళ్లలో ఎక్కువ. ఇక్కడ ఆ మౌనాన్ని నిర్లక్ష్యంగానే చూస్తారు. నాలుగు వాక్యాలు చాలు: పేరు, ఏ పాఠం, ఎందుకు రాలేరు, ఎప్పుడు కుదురుతుంది. ప్రొఫెసర్‌ను మొదట ‘ప్రొఫెసర్’ అనే పిలవండి. పేరుతో పిలవమని వారే చెబితే అలా పిలవడంలో అమర్యాద లేదు. ఆఫీసు వేళల్లో తలుపు తట్టడానికి అనుమతి అక్కర్లేదు.

థియరీ: మీకు తెలిసినదీ, తెలియనిదీ

ప్లేస్‌మెంట్ పరీక్షలో అడిగేవి: ట్రెబుల్, బాస్ క్లెఫ్‌లలో (పై, కింది స్థాయి స్వరాలు రాసే గుర్తులు) స్వరాలు చదవడం, ఏడు షార్పులు, ఏడు ఫ్లాట్ల వరకు కీ సిగ్నేచర్లు, ఇంటర్వెల్స్ (రెండు స్వరాల మధ్య దూరాలు), మూడు స్వరాలు ఒకేసారి మోగే కార్డులు, వాటి ఇన్‌వర్షన్లు (అడుగు స్వరం మారిన రూపాలు). కొన్నిచోట్ల చూసి పాడించడం, విని రాయించడం (డిక్టేషన్) కూడా ఉంటాయి. పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నవారికి ఇందులో సగం చెవికి వచ్చే ఉంటుంది. రాదనిపించేది చదవడం. అందువల్లే మంచి వినికిడి ఉన్న విద్యార్థి కూడా ఫండమెంటల్స్ కోర్సులో పడతాడు. అది నామోషీ ఏమీ కాదు. కానీ చాలాచోట్ల ఆ కోర్సు మేజర్ లెక్కలోకి రాదు, పైగా థియరీ వరుస ఏడాది వెనక్కి పోతుంది. అందుకే వేసవిలో రోజూ అరగంట చదవడం మీద పెట్టండి.

దానికి కొత్త పుస్తకం కూడా వెంటనే అక్కర్లేదు. సరళీ వరుసలను స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) మీద రాయండి. మాయామాళవగౌళ షడ్జం సి దగ్గర పెడితే సి, డి ఫ్లాట్, ఇ, ఎఫ్, జి, ఎ ఫ్లాట్, బి. తర్వాత అవే వరుసలను డి నుంచి, ఎఫ్ నుంచి రాయండి. ఇంటర్వెల్స్ వాటంతట అవే పట్టుబడతాయి. స్వరస్థానాల వరకు చూస్తే మేజర్ స్కేల్ శంకరాభరణం, నేచురల్ మైనర్ నటభైరవి, హార్మోనిక్ మైనర్ కీరవాణి, మెలోడిక్ మైనర్ ఆరోహణ గౌరీమనోహరి. డోరియన్ ఖరహరప్రియ, లిడియన్ కల్యాణి, మిక్సోలిడియన్ హరికాంభోజి. క్లాసులో ఈ పోలికను స్వరస్థానాలకే పరిమితం చేయండి. గమకం, సంచారం లేకుండా అది రాగం కాదని మీకు తెలుసు, కానీ అక్కడున్నవారికి తెలియదు.

చూసి పాడేటప్పుడు కాలేజీ ఏ పద్ధతి వాడుతుందో మొదటి రోజే అడగండి. ‘మూవబుల్ డో’ అయితే మన పద్ధతే: శ్రుతి ఎక్కడున్నా ఆధార స్వరం ‘డో’. అయినా ఒక చిక్కుంది. అందులో రెండో స్వరం ‘రే’. ‘రి’ అంటే దాన్ని అర స్వరం పెంచినది, మన షట్‌శ్రుతి రిషభం. అలవాటులో ‘రి’ అని పాడితే స్వరం సరైనదే అయినా పేరు తప్పని మార్కు పోతుంది. మైనర్‌లో కొందరు ఆధార స్వరాన్ని ‘లా’ అంటారు, కొందరు ‘డో’ అనే ఉంచుతారు. రెండోది మనకు సులువు. ‘ఫిక్స్‌డ్ డో’ అయితే సి ఎప్పుడూ ‘డో’నే. ఐదున్నర శ్రుతిలో, అంటే జి షార్ప్‌లో షడ్జం పెట్టుకుని పెరిగిన గొంతుకు ఇది కష్టం. మొదటి నెల సరిగమలు పూర్తిగా పక్కనపెట్టి, పియానో మీద స్వరం వాయిస్తూ దాని పేరు పలకడం ఒక్కటే మార్గం.

అసలు పరీక్ష హార్మనీలో (ఒకేసారి మోగే స్వరాల కూర్పులో) వస్తుంది. తంబురాతో పెరిగిన చెవి ప్రతి స్వరాన్నీ ఒకే షడ్జంతో కొలుస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. పాట సి మేజర్‌లో మొదలైంది, అయిదో బార్‌లో ఎఫ్ షార్ప్ వచ్చింది. మన చెవి వెంటనే ప్రతిమధ్యమం, కల్యాణి అంటుంది. ఆ బార్లో బాస్ గొంతు వినండి: అది డి మీదుగా జి మీదకు దిగి అక్కడే నిలబడితే షడ్జం జి కి మారిపోయింది. ఇప్పుడు వినిపిస్తున్నది జి నుంచి శంకరాభరణం. కల్యాణిలో పంచమాన్ని షడ్జం చేసి గ్రహభేదం చేస్తే వచ్చేది శంకరాభరణమే కదా, ఇక్కడ జరిగింది అదే. దీన్ని వాళ్లు మాడ్యులేషన్ అంటారు. కాబట్టి డిక్టేషన్‌లో మొదటిసారి వినిపించినప్పుడు పై మెలొడీ రాయకండి. బాస్ మాత్రమే రాయండి, ఆఖరి స్వరం ఏదో పట్టుకోండి. మెలొడీ మీ చెవికి రెండోసారి వినగానే దొరుకుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, మెలొడీ మొత్తం రాసి, కింద కార్డులు ఊహించి మార్కులు పోగొట్టుకుంటారు.

వయొలిన్, గాత్రం, క్వైర్

వయొలిన్ విద్యార్థులు రెండు వాయిద్యాలు ఉంచుకోవడం మంచిది. స-ప-స-ప శ్రుతిలో ఉన్న తీగలను జి-డి-ఎ-ఇ కి బిగించడం, మళ్లీ దించడం వారానికి నాలుగుసార్లు చేస్తే తీగలు తెగుతాయి, బ్రిడ్జి ముందుకు వాలుతుంది. కాలేజీల దగ్గర అద్దెకో, ఉచితంగానో ఇచ్చే వయొలిన్లు ఉంటాయి, అడగండి. ఆర్కెస్ట్రాలో భుజం మీద పట్టుకోవడం వేరే నైపుణ్యం. మొదటి సెమిస్టర్‌లో వేగం తగ్గుతుంది, దాన్ని ఒప్పుకోండి.

క్వైర్‌లో జారుతో స్వరం అందుకోవడాన్ని లోపంగా లెక్కిస్తారు. స్వరాన్ని నేరుగా, మధ్యలోనే పట్టాలి. జర్మన్ పాటల్లో పదం చివరి హల్లుకు మనకు తెలియకుండానే అచ్చు తగులుతుంది. ఆ హల్లును విడిగా, పొట్టిగా, గాలితో వదలడం అద్దం ముందు సాధన చేయండి. ఇటాలియన్‌తో ఈ ఇబ్బంది తక్కువ.

సెమిస్టర్ చివర జూరీ ఉంటుంది: పది నిమిషాలపాటు అధ్యాపకుల బృందం ముందు వాయించాలి. పియానో సహకారం ఇచ్చేవారిని నెలన్నర ముందే మాట్లాడుకుని, చివరి స్వరాలు కత్తిరించుకుపోకుండా తీసిన శుభ్రమైన కాపీ ఇవ్వండి. డిసెంబరులో అడిగితే ఎవరూ ఖాళీగా ఉండరు. నల్ల ప్యాంటు, నల్ల చొక్కా లేదా పొడవాటి నల్ల దుస్తులు ఒక జత ఇంటి నుంచే తెచ్చుకోండి.

చలికాలంలో వాయిద్యం

కొయ్య వాయిద్యాలకు గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉండాలి. జనవరిలో హీటర్ వేసిన గదిలో అది 20 శాతానికి పడిపోగలదు. వయొలిన్ బిరడలు ముడుచుకుని జారతాయి. తిప్పేటప్పుడు లోపలికి నొక్కుతూ తిప్పాలి. అంచుల దగ్గర అతుకు విడితే ఫెవికాల్ జోలికి వెళ్లవద్దు. వయొలిన్ బాగుచేసేవారు మళ్లీ విప్పగలిగే జంతు జిగురు వాడతారు, ఫెవికాల్ పడితే తర్వాత కొయ్యే చీలుతుంది. వీణ మీద మెట్లను పట్టి ఉంచే మైనం చలికి పెళుసెక్కి, చిన్న దెబ్బకే మెట్టు ఊడుతుంది. మృదంగం కుడి మూత ఎండి శ్రుతి పైకి పోతుంది, కరణ (మూత మధ్యలోని నల్లటి పూత) పగుళ్లిస్తుంది. అమెరికాలో మూత మార్చేవారు దొరకడం కష్టం కాబట్టి, బోల్టులతో బిగించే మృదంగం, ఒక అదనపు మూత తెచ్చుకోవడం మేలు.

తేమ కొలిచే చిన్న మీటరు, గదికో హ్యూమిడిఫయర్, పెట్టెలో పెట్టే తేమ గొట్టం కొనండి. బయటి నుంచి వచ్చాక అరగంట పెట్టె తెరవకండి. రేడియేటర్ పక్కన ఏదీ పెట్టకండి.

విమానంలో వయొలిన్‌ను లోపలికి తెచ్చుకోవచ్చు. ఎక్కే సమయానికి పైన చోటుంటే అమెరికా ఎయిర్‌లైన్లు అనుమతించాలన్నది 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన, కాబట్టి ముందు వరుసలో ఎక్కండి. తీగలను ఒక స్వరం మేర మాత్రమే దించండి. పూర్తిగా వదిలేస్తే లోపల నిలబెట్టిన చిన్న కొయ్య పుల్ల (సౌండ్ పోస్ట్) పడిపోవచ్చు. ఏనుగు దంతం పొదిగిన పాత వీణ తేవద్దు, సరిహద్దులో స్వాధీనం చేసుకుంటారు. మృదంగాన్ని కస్టమ్స్ వద్ద తోలు వస్తువుగా ప్రకటించండి. శ్రుతి పెట్టె అడాప్టర్ మీద 100-240 అని ఉందో లేదో చూసుకోండి.

డబ్బు తీసుకుని పాడటం

ఇక్కడ పొరపాటు జరిగితే చదువే ఆగిపోవచ్చు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు: రిహార్సల్స్‌కు పియానో వాయించడం, కచేరీలు రికార్డు చేయడం, సంగీత లైబ్రరీ. క్యాంపస్ బయట అనుమతి లేకుండా డబ్బు తీసుకోకూడదు. పెళ్లిలో పాడి తీసుకున్న పారితోషికమైనా, ఊళ్లోని తెలుగు కుటుంబాల పిల్లలకు చెప్పే పాఠాలకు నగదైనా ఉద్యోగం కిందకే వస్తాయి. ఎవరైనా ఇస్తామంటే ముందు కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకు వెళ్లండి. చదువయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసేందుకు అనుమతి) 12 నెలలు. సంగీతానికి మామూలుగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) పొడిగింపు వర్తించదు. కంప్యూటర్ సైన్స్‌లాంటి రెండో మేజర్ ఉంటే అది ఐ-20లో (వీసాకు ఆధారంగా కాలేజీ ఇచ్చే పత్రంలో) నమోదై ఉందో లేదో మూడో ఏడాదిలోనే చూసుకోండి.

మీ సంగీతం నిలుపుకోవడం

ఎక్కువ కాలేజీల్లో కర్ణాటక గురువు ఉండరు. కనెటికట్‌లోని వెస్లియన్ ఇందుకు మినహాయింపు: 1960ల నుంచి అక్కడ కర్ణాటక సంగీతం పాఠ్యాంశం, ఏటా నవరాత్రి ఉత్సవమూ జరుగుతుంది. మిగతాచోట్ల ఆన్‌లైన్ పాఠమే గతి. తూర్పు రాష్ట్రాల్లో ఉంటే వేసవి కాలమానంలో అక్కడికీ భారత్‌కూ తొమ్మిదిన్నర గంటల తేడా, నవంబరు మొదటి ఆదివారం నుంచి పదిన్నర. హైదరాబాద్‌లో ఉదయం ఏడింటి పాఠం అక్టోబరులో మీకు రాత్రి తొమ్మిదిన్నరకు, డిసెంబరులో ఎనిమిదిన్నరకు. గురువుగారికి ఈ మార్పు ముందే చెప్పండి. మార్చి రెండో ఆదివారం మళ్లీ మారుతుంది.

తెల్లవారుజామున హాస్టల్ గదిలో సాధకం చేయలేరు, నిశ్శబ్ద వేళలుంటాయి. సంగీత భవనంలో ప్రాక్టీస్ గది ఐడీ తాళంతో రాత్రి కూడా తెరుచుకుంటుందేమో కనుక్కోండి. ఒహాయోలో చదివేవారికి 1978 నుంచి జరుగుతున్న క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధన దగ్గరే. ఓబర్లిన్ నుంచి సుమారు 35 మైళ్లు.

నాలుగో ఏడాది రెసిటల్‌లో సగం కర్ణాటక సంగీతం పెట్టాలనుకుంటే రెండో ఏడాదిలోనే శాఖాధ్యక్షుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. పక్కవాద్యాలకు బయటి కళాకారులను పిలవడానికి శాఖ నిధులుండవచ్చు, దరఖాస్తు గడువు ముందు సెమిస్టర్‌లోనే ముగుస్తుంది. కార్యక్రమ పత్రంలో రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరుతోపాటు సాహిత్యానికి ఆంగ్లార్థం ఇవ్వాలి. అర్థం మీరే రాసి, తెలుగు బాగా వచ్చిన ఒకరికి, తెలుగు రాని ఒకరికి చూపించి సరిచేయించుకోండి.